ఎర్రవి ఏరిన సెమిస్టరు

ఎరుపంటే తప్పు అని నేర్చుకోవడానికి పల్నాడులో పుట్టిన మాకు ఒక సెమిస్టరంతా పట్టింది. నవ్వకండి. మిరప కల్లాల మధ్య పెరిగినవాళ్ళకి ఎరుపే మంచి, ఎరుపే ధర, ఎరుపే పరువు. అలాంటి మా చేతికి బాక్టీరియా ఇచ్చి, ఇందులో మంచివి ఏరండి అంటే మేమేం చేస్తాం? అలవాటైన పనే చేశాం.

నేను నరసరావుపేట దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో, బయోటెక్నాలజీ లాబులో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. మా నాన్న మోటార్లకు వైండింగ్ చేసే మెకానిక్కు. ఆడపిల్లనని చూడకుండా చిన్నప్పుడే నా చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకున్న మనిషి. అందుకే లాబులో ఏ మిషను మొరాయించినా ముందు నన్నే పిలిచేవాళ్ళు. నా అసలు పని మాత్రం వేరు. బాక్టీరియా పెరగడానికి జెల్లీలాంటి మేతను గుండ్రటి ప్లేట్లలో పోయాలి. పని అయిపోయిన ప్లేట్లను ఆటోక్లేవ్‌లో, అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్‌లో, ఉడికించి అందులో ఉన్నవాటిని చంపాలి. మేపేదీ ఆంటీయే, చంపేదీ ఆంటీయే అని పిల్లలు ఆటపట్టించేవాళ్ళు. నోరు కొంచెం పెద్దదే నాది. టీ గ్లాసు పట్టుకుని లోపలికి వస్తే హెచ్.ఓ.డి. గారినైనా వదిలేదాన్ని కాదు.

నా సర్వీసు చివరి రోజుల్లో విశాఖపట్నం నుంచి ఒక కుర్ర లెక్చరర్ వచ్చాడు. చదువుకున్నవాడు, ఓపిక ఉన్నవాడు, కాకపోతే ఎదుటివాళ్ళకి అన్నీ తెలుసనుకునే రకం. బాక్టీరియాలో ఒక్క జన్యువునే గురి చూసి ఆపే ఏర్పాటు ఒకటుందనీ, దానికి కావలసిన ముక్కలు మన లాబులోనే చేద్దామనీ పట్టుబట్టాడు. ఆ ఏర్పాటులో ఒక ప్రొటీను ఉంటుంది, దానికి దారి చూపించే ‘గైడ్’ ఒకటి ఉంటుంది. గైడ్ మారిస్తే గురి మారుతుంది. ఎవరి లాబులో వాళ్ళు వాళ్ళకి తోచినట్టు గైడ్లు చేసుకుంటే ఒకరిది ఇంకొకరికి పనికిరాదు కదా. అందుకని ప్రతి ముక్కకీ రెండు చివరలూ ఒకే కొలతలో ఉండాలి, డ్రిప్పు పైపుల జాయింట్లలాగా. ఏ కంపెనీ పైపు తెచ్చినా టక్కున కూర్చోవాలి. అలాంటి ప్రామాణికమైన ముక్కలు కొన్ని చేసి, కావలసిన కాలేజీలన్నిటికీ పంచాలని ఆయన కోరిక.

‘పేటలో కూర్చుని జన్యువులు చేస్తారంట’ అని మా స్టాఫ్‌రూములో నవ్వులే నవ్వులు. ప్రిన్సిపాల్ గారు నవ్వలేదు గానీ, జనరేటర్ లైను మాత్రం కంప్యూటర్ లాబుకీ తన గదికీ తప్ప మాకు ఇవ్వలేదు.

సార్ దగ్గర ప్రాజెక్టు చేయడానికి చేరింది ఒక్కతే పిల్ల. మాచర్ల పిల్ల. వాళ్ళమ్మ కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయలు ఏరే కూలికి వెళ్ళేది. ఈ పిల్ల కూడా బడి సెలవుల్లో అమ్మ పక్కన కూర్చుని ఏరిందే. చూడని వాళ్ళకి చెబుతున్నాను, కాయలు రాశిగా పోసి చుట్టూ కూర్చుంటారు. రంగు ఎగిరిపోయి తెల్లబారిన కాయని తాలు అంటారు. తాలు కాయ ఒక పక్కకి, ఎర్ర కాయ ఇంకో పక్కకి. మాట మాటే, చేయి చేయే. ఆ పిల్ల చేతివేగం చూస్తే నాకు ముచ్చటేసేది. సన్నటి పుల్లతో ప్లేటు మీద ఒక్కో చుక్కని తాకి ట్యూబులో ముంచుతుంటే, పక్కనున్న కాలనీకి అంటించేది కాదు. కాలనీ అంటే ఒక్క బాక్టీరియా పెరిగి పెరిగి కంటికి కనిపించేంత చుక్క కావడం.

పని మొదలైంది. ముక్కని హోల్డర్ అనేదాంట్లో అతికించి బాక్టీరియాలోకి ఎక్కించారు. మర్నాటికి ప్లేటు నిండా కాలనీలు. కొన్ని ఎర్రవి, కొన్ని పాలిపోయినవి. ఆ వేళకి సార్‌ని మేనేజ్‌మెంట్ వాళ్ళు అడ్మిషన్ల ప్రచారానికి గురజాల వైపు జూనియర్ కాలేజీలకు తరిమారు. ఫోన్‌లోనే చెప్పాడు.

“మంచి కాలనీలు ఏరి పెంచమ్మా. వాటిలోంచి డి.ఎన్.ఏ. తీసి పరీక్షకి హైదరాబాద్ పంపేద్దాం.”

“సరే సార్” అంది పిల్ల.

ఏరింది. నిగనిగలాడే ఎర్రవి ఏరింది. నేను పక్కన నిలబడి, “ఎంత కళగా ఉన్నాయే, మార్కెట్ యార్డుకి తోలొచ్చు” అన్నాను. మిగతా ప్లేటు పారేసేవి వేసే నా సంచిలో పడింది, నేను ఉడికించేశాను. హైదరాబాద్ నుంచి జవాబు వచ్చింది. పంపిన ప్రతి ట్యూబూ ఖాళీ హోల్డరే, లోపల గైడ్ లేదు.

మళ్ళీ చేశారు. మళ్ళీ ఖాళీ. ఇక అందరం తలా ఒకదాని మీద పడ్డాం. సార్ తన డిజైన్ తప్పన్నాడు. నేను ఆర్.ఓ. నీళ్ళను అనుమానించి ఫిల్టరు మార్పించాను. మా అటెండరు ఫ్రిజ్ ఈశాన్యంలో ఉంది, బరువు పనికిరాదన్నాడు. ఒక మంగళవారం ఆయన దాని ముందు కొబ్బరికాయ కొట్టాడు. నేనూ తక్కువ తినలేదు, ఆ రోజు నుంచి బిస్మిల్లా అనకుండా దాని తలుపు తీయలేదు. రెండు మతాలూ కలిసి ప్రయత్నించినా గైడ్ మాత్రం హోల్డర్‌లో కూర్చోలేదు.

ఇక్కడ ఆ పిల్ల సంగతి చెప్పాలి. బెంగుళూరులో ఒక పెద్ద లాబు వాళ్ళు మా జిల్లాల కాలేజీల నుంచి ఒక్కరిని తీసుకుని, నేర్పి, స్టైపెండ్ కూడా ఇస్తామన్నారు. చేతిపని వచ్చినవాళ్ళు కావాలి, తను చేసిన ముక్క చూపించాలి, అదీ షరతు. ఇది రాకపోతే హైదరాబాద్‌లో వాళ్ళ బాబాయి చెప్పిన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేరాలని ఇంట్లో ఖాయమైంది. పిల్లకి అది ఇష్టం లేదు.

“కంప్యూటర్ ముందు కూర్చుంటే నాకేం తోచదు ఆంటీ. ఇక్కడ ప్లేటు తెరిస్తే రోజుకో రకంగా ఉంటది. నాకిదే కావాల” అంది ఒకసారి. అన్నం డబ్బా మూత పెట్టడం కూడా మర్చిపోయి చెప్పింది. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. నాకూ ఆ పనంటే అంతే ఇష్టం మరి, నన్నెవరూ అడగలేదు గానీ.

మూడో విడత కూడా చేశారు, డి.ఎన్.ఏ. పంపారు. ఆ జవాబు వచ్చేసరికి శివరాత్రి దగ్గర పడింది. మళ్ళీ ఖాళీ. శివరాత్రికి ముందు రోజే పిల్లని చూడటానికి ఆ బెంగుళూరు లాబు మేడం వస్తోంది.

కోటప్పకొండకు వెళ్ళే ప్రభలు, అంటే వెదుర్లతో కట్టి అలంకరించిన గోపురాల్లాంటి బళ్ళు, మా కాలేజీ ముందు రోడ్డు మీదుగానే పోతాయి. ఒక్కో ప్రభా ఎంత ఎత్తంటే, అది దాటేదాకా కరెంటు ఆపి తీగలు దించాల్సిందే. ఆ రోజు పొద్దున్నే కరెంటు పోయింది. ఫ్యాను లేదు, ఆటోక్లేవ్ లేదు. బయట డప్పులు, మైకులు, కుర్రాళ్ళ కేకలు. లోపల చెమటలు కక్కుకుంటూ మేం ముగ్గురం, ఎదురుగా ఆ మేడం. తెలుగావిడే. మాట మెత్తన, చూపు మాత్రం గట్టిది.

పిల్ల ఇంగ్లీషులో బట్టీ పట్టినదంతా గడగడా అప్పజెప్పింది. ముక్క చేయడం, అతికించడం, ఎక్కించడం, అంతా పుస్తకంలో ఉన్నట్టే. ఫలితం రాలేదన్న మాట మాత్రం గబగబా దాటేసింది.

మేడం అడిగింది: “మీ అమ్మ ఏం చేస్తుంది?”

“మిరపకాయలు ఏరిద్ది మేడం.”

“సరే. ఇదంతా మీ అమ్మకి చెప్పినట్టు చెప్పు. ఇంగ్లీషు వద్దు.”

పిల్ల ఒకసారి నా వంక చూసింది. తర్వాత బల్ల మీద చేయి పెట్టి మొదలుపెట్టింది.

“అమా, ఇదొక హోల్డర్ అనుకో. మన గైడ్ కూర్చోవాల్సిన చోట ముందే ఒక ఎర్ర రంగు జన్యువు కూర్చుని ఉంటది. దాన్ని కోసి లేపేసి, ఆ చోట్లో మనది పెట్టాల. మనది సరిగ్గా కూర్చుందనుకో, ఎర్రది పోయిద్ది. ఎర్రది పోతే ఆ కాలనీకి రంగుండదు, తెల్లగా...”

ఆగిపోయింది. నోరు అలాగే తెరిచి ఉంది. సార్ కుర్చీలోంచి సగం లేచాడు.

“తెల్లగా ఉంటది” అంది పిల్ల మెల్లగా. “సార్, నేను తాలు అనుకున్నా. తెల్లయ్యన్నీ తాలు అనుకుని పారేశా. మూడుసార్లూ ఎర్రయ్యే ఏరా.”

సార్ మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. “మంచివి ఏరమన్నాను కదమ్మా” అన్నాడు, అదేదో కొత్తగా చెబుతున్నట్టు.

“మంచియ్యే ఏరా సార్” అంది.

నాకు ముందు నవ్వొచ్చింది. ఆ పిల్ల మొహం చూశాక ఆ నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. అంత చదువూ దానికి ఇంగ్లీషులో వచ్చు. పరీక్షలో రాసింది, మార్కులూ తెచ్చుకుంది. చేతులు మాత్రం అమ్మ దగ్గర నేర్చుకున్నదే చేశాయి. ఎవర్ని తిడతాం?

సార్‌కి అంతలో ఏదో తట్టింది. “మూడో విడత ప్లేట్లు? కరెంటు లేదు కదా, ఇంకా ఉడికించలేదు కదా మీరు?”

నిజమే. జవాబు వచ్చేదాకా ఫ్రిజ్‌లో దాచిన ఆ ప్లేట్లను జవాబు వచ్చాకే సంచిలో వేశాను, ఆ సంచి మూలనే ఉంది. అందులో తెల్ల కాలనీలు ఉన్నాయి. తీస్తే ఆ నిమిషంలోనే మేడంకి చూపించొచ్చు.

“తెరవను సార్” అన్నాను.

“ఒక్క ప్లేటేనండీ.”

“ఒక్కటైనా అంతే. సెకండియర్ వాళ్ళ మట్టి బాక్టీరియా ప్లేట్లు అందులోనే పడ్డాయి, బూజు పట్టినవీ అందులోనే ఉన్నాయి. మూతలూడి ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. దాంట్లోంచి తీసింది మనదేనని ఎవరు చెప్తారు? పారేసింది పారేసినట్టే. అది తెరిచే లాబైతే ఇన్నేళ్ళు నేను ఇక్కడ నోరు చేసుకోవడమెందుకు?”

పిల్ల నా దగ్గరకి వచ్చింది. “ఆంటీ, నాకిది పోతే ఇంకోటి లేదు. నీకు తెలుసు గదా.”

తెలుసు. అందరికంటే నాకే బాగా తెలుసు. అయినా సంచికి అడ్డం నిలబడ్డాను. లోపల ఎలా ఉందో చెప్పను, కన్నబిడ్డ నోటి దగ్గర ముద్ద లాగేసినట్టే ఉంది. పిల్ల అటు తిరిగి నిలబడింది. మేడం మా ఇద్దరినీ చూసి, వాచీ చూసుకుంది.

“నేను ఈ రాత్రికి పేటలోనే ఉంటాను, రేపు ప్రభలు చూసి వెళ్తాను. రేపు ఒకసారి ఇటొస్తాను” అంది. అంతకుమించి మాటివ్వలేదు.

ఫ్రీజర్‌లో అతికించిన మిశ్రమం కొంచెం మిగిలి ఉంది. తలుపు పొద్దుట్నించీ తెరవలేదు కాబట్టి లోపల చల్లగానే ఉంది. అప్పటికప్పుడు మళ్ళీ మొదలుపెట్టారు. బాక్టీరియాకి ముక్క ఎక్కించాలంటే కాసేపు వేడి చూపించాలి. క్యాంటీన్‌లో గ్యాస్ పొయ్యి మీద నీళ్ళు కాచి తెచ్చాను, థర్మామీటరు పెట్టి చన్నీళ్ళు కలిపి సరిచేశాం. ప్లేట్లు వెచ్చగా పెంచడానికి ఇంక్యుబేటర్ లేదే అంటే, సార్ థర్మోకోల్ పెట్టె ఒకటి తీసుకొచ్చాడు. ఎంజైములు ఐసులో పెట్టి పంపే పెట్టె అది.

“హాస్టల్లో చలికాలం పెరుగు ఇలాగే తోడుపెట్టేవాళ్ళం” అన్నాడు. వేడినీళ్ళ సీసాలు చుట్టూ పెట్టి, ప్లేట్లు మధ్యలో బోర్లించాం. చల్లారినప్పుడల్లా సీసాలు మారుస్తూ ముగ్గురం ఆ పెట్టె చుట్టూ కూర్చున్నాం. పిల్ల సీసా అందుకునేది, నాతో మాట్లాడేది కాదు. నా సర్వీసు మొత్తంలో నాకు మళ్ళీ కావాలనిపించే మధ్యాహ్నం ఏదంటే అదే, చిత్రంగా. దీపాలు పెట్టే వేళకి కరెంటు వచ్చింది. పెట్టెలోవి ఇంక్యుబేటర్‌లోకి మార్చి ఇళ్ళకి వెళ్ళాం.

మర్నాడు శివరాత్రి, కాలేజీకి సెలవు. వాచ్‌మన్‌ని బతిమాలి తాళం తీయించాం. పోలీసులు రోడ్డు మూసేస్తారని మేడం అనుకున్నదానికంటే ముందే కారు వేసుకుని వచ్చేసింది. పిల్ల ప్లేటు తీసింది. బుల్లి బుల్లి కాలనీలు, ప్లేటంతా. ఒక్కటి కూడా ఎర్రది లేదు, అన్నీ తెల్లవే.

సార్ మొహం వెలిగిపోయింది. “అన్నీ వచ్చాయి మేడం” అన్నాడు. మేడం ఫోన్ తీసి ప్లేటు మీదకి పెట్టింది. నేను మనసులో అల్లాకి దణ్ణం పెట్టుకున్నాను.

“ఫొటో తీయమాకండి మేడం” అంది పిల్ల.

సార్ తలెత్తి చూశాడు.

“ఇయ్యి ఇంకా పసియ్యి. ఎరుపు నిదానంగా వచ్చిద్ది. పొద్దున తెల్లగా ఉండి సాయంత్రానికి ఎర్రబడినయ్యి నేను చానా చూశా, మూడుసార్లు ఎర్రయ్యే ఏరా గదా. ఇప్పుడు తీస్తే అన్నీ వచ్చినట్టు కనపడిద్ది. అది నిజం కాదు.”

“నాకు సాయంత్రం దాకా ఆగే వీలు లేదమ్మా. ఇంకో కాలేజీలో కూడా ఇద్దరిని చూడాలి” అంది మేడం.

“సాయంత్రం నేనే పంపిస్తా మేడం, ఎన్నొస్తే అన్ని.”

మేడం ఫోన్ బ్యాగులో పెట్టుకుంది. సరే అని తలూపి కారెక్కింది. ఆ కారు ప్రభల జనంలో కలిసిపోయేదాకా సార్ గుమ్మంలోనే నిలబడ్డాడు. వెనక్కి వచ్చి, “చేతికొచ్చినదాన్ని నువ్వే చెడగొట్టుకున్నావు కదమ్మా” అన్నాడు. తిట్టినట్టు కాదు, బాధగా. పిల్ల తల దించుకుని ప్లేటు మళ్ళీ లోపల పెట్టింది. అప్పుడు వెళ్ళి భుజం మీద చేయి వేశాను, విదిలించుకోలేదు.

సాయంత్రానికి సగానికి పైగా ఎర్రబడ్డాయి. తెల్లగా నిలిచినవి కొన్నే. పిల్ల ఎర్రవెన్నో తెల్లవెన్నో రాసి, ఫొటో పంపింది. మేడం చూసినట్టు ఫోన్‌లో గుర్తు పడింది, జవాబు రాలేదు.

తిరునాళ్ళ అయిపోయింది. రోడ్డు పక్క చెరుకుగడల పిప్పి కూడా ఊడ్చేశారు. తెల్లవాటిలోంచి తీసిన డి.ఎన్.ఏ. హైదరాబాద్ వెళ్ళి, ఈసారి గైడ్ ఉందని తిరిగొచ్చింది. ఆకుపచ్చగా మెరిసే ఒక బాక్టీరియాలో దాన్ని ఎక్కిస్తే ఆ మెరుపు ఆరిపోయింది. ఆ మెరుపునిచ్చే జన్యువే మా గైడ్ గురి, అంటే గురి తప్పలేదు. సార్ స్టాఫ్‌రూములో అందరికీ పూతరేకులు పంచాడు. అప్పట్లో నవ్వినవాళ్ళు కూడా రెండేసి తిన్నారు. ఆ ముక్కలు తర్వాత వేరే కాలేజీలవాళ్ళు అడిగి తీసుకున్నారు, వాళ్ళ హోల్డర్లలోనూ టక్కున కూర్చున్నాయట. బెంగుళూరు నుంచి మాత్రం ఒక్క ముక్కా లేదు. బాబాయి కోర్సుకి సీటు ఖాయం చేశాడని, పరీక్షలవగానే బయల్దేరమన్నాడని పిల్ల చెప్పింది. చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు.

ఆ రోజుల్లో నేను సరిగ్గా అన్నం తినలేదు. సంచి తెరిచి ఉంటే ఎలా ఉండేదో అని ఎన్నోసార్లు అనుకున్నాను. ప్రతిసారీ తెరవకూడదనే తేలేది, ప్రతిసారీ ఏడుపు వచ్చేది. ఇప్పుడు లాబుల్లో చేరుతున్న మీకు ఇదొక్కటే చెప్పగలను. సరైన పని చేస్తే మనసు నిమ్మళంగా ఉంటుందని పెద్దవాళ్ళు చెబుతారు చూడండి, నాకైతే అలా లేదు.

ఇప్పుడా గదిలో కంప్యూటర్లు పెట్టారట. మా బల్లలు, ఇంక్యుబేటర్, మూలన నా సంచి, ఏవీ లేవు. ఆ దారిన బస్సులో వెళ్ళినప్పుడు అటే చూస్తాను, కిటికీలకు ఏసీ డబ్బాలు కనిపిస్తాయి.

ఆ సెమిస్టరు చివరి పరీక్షకి ముందు రోజు, నేను ప్లేట్లు పోస్తుండగా పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. చెప్పులతో లోపలికి వచ్చేసింది కూడా. తిట్టడానికి నోరు తెరిచేలోపు ఫోన్ నా మొహం ముందు పెట్టింది.

“బెంగుళూరు మేడం మెసేజ్ ఆంటీ. దీనికి అర్థమేంది?”

పలకరింపు లేదు, సంతకం లేదు. ఒకే ఒక ప్రశ్న. ‘హాస్టల్ వాళ్ళకి చెప్పాలి, నువ్వు వెజ్జా నాన్‌వెజ్జా?’

రెండుసార్లు చదివాను. కళ్ళద్దాలు మసకబారాయి. గ్లౌజులున్న చేత్తో తుడుచుకోకూడదు కాబట్టి అలాగే నిలబడ్డాను.

“ఏంది ఆంటీ, ఏం రాయాల?”

“అన్నీ తింటానని రాయవే” అన్నాను.